మోటారు మూలిగింది.. బండి కదల్లేదు
కరెంటు గోకార్ట్ కట్టబోయిన కుర్రాళ్లకు తెలిసొచ్చిన లెక్కలు

గుడివాడ: కళ్లం చుట్టూ జనం మూగారు. మధ్యలో ఇనుప గొట్టాలతో చేసిన చిన్న బండి. నాలుగు పొట్టి చక్రాలు, నేలకు బెత్తెడు ఎత్తున చట్రం. పైకప్పు లేదు, తలుపుల్లేవు, ఇంజను లేదు. సీటు వెనక ఒక మోటారు, పక్కన రెండు పాత ట్రాక్టరు బ్యాటరీలు. కుర్రాడు సీట్లో ఒదిగి కూర్చుని కాలితో పెడలు నొక్కాడు. మోటారు మూలిగింది. బండి అంగుళం కదల్లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కేసరికి వార్నిషు మాడిన వాసన గుప్పుమంది. గట్టు మీద నిలబడి చూస్తున్న పెద్దాయన ఒకరు “ఒరేయ్ అబ్బాయిలూ, ముందు దానికి మేత వేయండ్రా” అనడంతో జనం ఘొల్లున నవ్వారు.

ఇది 2025 సంక్రాంతి నాటి ముచ్చట. నందివాడ వైపు ఒక పల్లెకు చెందిన నలుగురు డిప్లొమా విద్యార్థులు ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు కింద కరెంటుతో నడిచే గోకార్ట్ తయారుచేయ తలపెట్టారు. తలా పన్నెండు వేలు వేసుకున్నారు. వారిలో ఒకరి తండ్రి కౌలు రైతు. మినుములు అమ్మగా వచ్చిన డబ్బులో వచ్చే ఏటి కౌలుకని పక్కన పెట్టినదే తీసి ఇచ్చాడు. కళ్లం మీద నవ్వులపాలైన నాటికి నలభై ఎనిమిది వేలలో పదిహేడు వేలు ఖర్చయిపోయాయి. ఆ రాత్రి ఆ రైతు కొడుకును కేకలు వేయలేదట. “మిగిలింది కూడా ఇలాగే పోస్తారా, లెక్క చూసుకుని కొంటారా నాన్నా?” అని మాత్రం అడిగాడు. ఆ ప్రశ్నతోనే అసలు పని మొదలైంది.

గోకార్ట్ అనే మాట మన పల్లెలకు కొత్తగానీ బండి కొత్తది కాదు. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే పందెపు కార్ల పనివాడు గడ్డికోత యంత్రపు ఇంజనును గొట్టాల చట్రానికి బిగించి మొదటి బండిని నడిపాడు. దీనికి స్ప్రింగులుండవు. వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగిసి కలిసి తిరుగుతాయి. ప్రపంచ కార్ల పందేల్లో పేరుమోసిన మైకేల్ షూమాకర్ వంటి వారు చిన్నతనంలో చేయి తిప్పుకున్నది ఇలాంటి బండ్ల మీదే. మన దేశంలో ఇంజనీరింగు విద్యార్థులు సొంతంగా బండ్లు కట్టి పోటీ పడే బాహా పందేలు 2007లో మొదలు కాగా, 2015 నుంచి కరెంటు బండ్లకు వేరే విభాగం వచ్చింది. అప్పటినుంచి పెట్రోలు ఇంజను జోలికి పోకుండా మోటారు, బ్యాటరీలతోనే ప్రాజెక్టు చేద్దామనే కుర్రాళ్లు జిల్లాల్లోనూ పెరిగారు.

ఇంజను బండి అయితే పాత మోటారు సైకిలు ఒకటి కొని విప్పితే సగం పని అయిపోతుంది. ఇంజను, గేర్లు, క్లచ్చి అన్నీ ఒకదానికొకటి సరిపోయేవే వస్తాయి. కరెంటు బండికి ఆ వీలు లేదు. మోటారు ఒక చోట, బ్యాటరీ మరో చోట, వాటి మధ్య ఉండే కంట్రోలరు ఇంకో చోట దొరుకుతాయి. ఏది దేనికి సరిపోతుందో కొనేవాడే తేల్చుకోవాలి. ఈ నలుగురూ చౌకగా కనిపించింది ముందు కొన్నారు. వచ్చిన తంటా అదే.

కాటా మీద బండి

పండగ వెళ్లిన మర్నాడు విద్యార్థులు బండిని ఊళ్లోని వెల్డింగ్ షాపుకు తోసుకెళ్లారు. చట్రం అతికింది అక్కడి మేస్త్రే. ఆయన చదివింది ఏడో తరగతి. నలభై ఏళ్లుగా ట్రాక్టరు ట్రక్కులు, చేపల చెరువుల ఏరేటర్ల చట్రాలు అతుకుతున్నాడు. “మోటారు ఎందుకు లాగలేదు బాబాయ్?” అని కుర్రాళ్లు అడిగితే, “బరువెంతుందిరా?” అని ఎదురు ప్రశ్న వేశాడు. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తూచలేదు.

ధాన్యం బస్తాలు తూచే కాటా మీదికి ఎక్కించారు. బండి ఒక్కటే 117 కిలోలు. అందులో ట్రాక్టరు బ్యాటరీలు రెండే 45 కిలోలు. తోలేవాడు 68 కిలోలు. మొత్తం 185 కిలోలు. వీరు కొన్న మోటారు 24 వోల్టులది, 350 వాట్లు. సైకిలుకు బిగించుకునేందుకు అమ్మే రకం.

746 వాట్లు ఒక అశ్వశక్తి అని పొలం మోటార్లు వాడే రైతులకు తెలిసిందే. అంటే 350 వాట్లు అర అశ్వశక్తి కంటే తక్కువ. నిలకడగా లాగే ఒక ఎద్దు శక్తిని మన వ్యవసాయ ఇంజనీర్లు 380 వాట్లుగా లెక్క కడతారు. ఒంటి ఎద్దు రెండు బస్తాల బరువును అవలీలగా లాగుతుంది కదా, మోటారు ఎందుకు లాగలేదు అని సందేహం రావచ్చు. ఎద్దు గంటకు మూడు నాలుగు కిలోమీటర్లే నడుస్తుంది. ఈ మోటారును గంటకు 50 కిలోమీటర్ల వేగానికి సరిపడే పళ్ల చక్రాలతో బిగించారు. వేగం ఎక్కువ కోరితే లాగుడు తగ్గుతుంది. రెండూ ఒకే మోటారు నుంచి రావు.

కదలని మోటారుకు కరెంటు ఇస్తూ పోవడమంత చెరుపు మరొకటి లేదు. తిరిగే మోటారు తనంతట తాను కరెంటును కొంత అడ్డుకుంటుంది. ఆగిపోయిన మోటారు ఆ అడ్డు లేక దొరికినంతా మింగుతుంది. ఆ కరెంటంతా వేడిగా మారుతుంది. చుట్ట తీగ మీది వార్నిషు కరుగుతుంది. చెరువులో నాచు చుట్టుకుని ఏరేటర్ ఆగిపోతే మోటారు కాలిపోయేది కూడా ఇందుకే.

ఏరేటర్ మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. మొదట్లో ఈ కుర్రాళ్లకు చెరువు గట్టున పడి ఉన్న పాత ఏరేటర్ మోటారే బిగిద్దామనే ఆలోచన వచ్చింది. అది త్రీఫేజు కరెంటుతో తిరిగేది. బ్యాటరీ ఇచ్చేది ఒకే దిక్కున పారే డీసీ కరెంటు. ఒకదాన్ని మరొకటిగా మార్చే యంత్రానికి మోటారు కంటే ఎక్కువ ధర అవుతుంది. ఆ ఆలోచన మానుకోవడం మంచిదైంది.

మోటారు ఎంతది కావాలి?

చదును తారు రోడ్డు మీద 160 కిలోల బండి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోవడానికి చక్రాల రాపిడికి, గాలి తాకిడికి కలిపి సుమారు 500 వాట్లు కావాలి. చైనులో, మోటారులో పోయేది కలుపుకుంటే 600 అనుకోవచ్చు. అదే బండి మట్టి దారిలో పోతే రాపిడి మూడింతలవుతుంది. నూటికి అయిదు వంతుల చొప్పున ఎక్కే చెరువు గట్టు ఎదురైతే దానికే మరో 650 వాట్లు కలపాలి. ఈ లెక్కలన్నీ వేసుకుని నలుగురూ 48 వోల్టుల, 1000 వాట్ల బీఎల్‌డీసీ మోటారుకు వచ్చారు. లోపల రాపిడి బొగ్గులు లేని మోటారు ఇది. ఊళ్లలో తిరిగే బ్యాటరీ ఆటోలకు ఇటువంటివే ఉంటాయి కనుక మరమ్మతు తెలిసినవారు దగ్గర్లోనే దొరుకుతారు. ఎద్దుల లెక్కన చూస్తే రెండున్నర ఎద్దులు.

ఇంతకంటే పెద్దది, రెండు వేల వాట్లది ఎందుకు కాకూడదు? కాకూడదని లేదు. అయితే దాన్ని మేపే బ్యాటరీ, దానికి తగిన తీగలు, దాని వేగాన్ని ఆపగల బ్రేకు అన్నీ పెరగాలి. చేతిలో మిగిలింది ముప్ఫై ఒక్క వేలు.

48 వోల్టులే ఎందుకన్నదీ తెలుసుకోవలసిందే. పై ట్యాంకు నుంచి వచ్చే నీటితో పోల్చుకోవచ్చు. ట్యాంకు ఎత్తు వోల్టులు, గొట్టంలో పారే నీరు ఆంపియర్లు. ట్యాంకు ఎత్తుగా ఉంటే సన్నని గొట్టంతోనూ పని జరుగుతుంది. వెయ్యి వాట్లకు 12 వోల్టులైతే 83 ఆంపియర్లు పారాలి. 24కు 42, 48కు 21 ఆంపియర్లు చాలు. ఆంపియర్లు రెట్టింపైతే తీగలో వేడి నాలుగింతలవుతుంది. అందుచేత వోల్టులు పెంచుకుని ఆంపియర్లు తగ్గించుకోవడమే లాభం. అలాగని వంద వోల్టులకు పోతే చేయి తగిలినప్పుడు షాకు ప్రాణం మీదికి వస్తుంది. కుర్రాళ్లు చేతులు పెట్టి పనిచేసే బండికి 48 సరైన అంకె.

మోటారు, కంట్రోలరు ఒకే దుకాణంలో జతగా కొనడం మేలని వీరికి విజయవాడ ఆటోనగర్‌లో బ్యాటరీ ఆటోలు బాగుచేసే పనివాడు చెప్పాడు. మోటారు నుంచి మూడు లావు తీగలు, అయిదు సన్న తీగలు వస్తాయి. సన్నవి చుట్టు ఏ కోణంలో ఉందో కంట్రోలరుకు చెబుతుంటాయి. ఆ కబురు అందుకుని కంట్రోలరు మూడు లావు తీగల్లో వంతులవారీగా కరెంటు పంపుతుంది. తీగల వరుస తారుమారైతే మోటారు వణుకుతుందే తప్ప తిరగదు. జతగా కొంటే ఆ తలనొప్పి ఉండదు. ఈ మాట విని వీరు చేసిన మంచి పని, దుకాణంలోనే బ్యాటరీ పెట్టించి మోటారు తిప్పి చూసుకుని మరీ డబ్బు కట్టారు.

పళ్ల లెక్క

కొత్త మోటారు వచ్చాక కూడా బండి ముక్కుతూనే కదిలింది. కంట్రోలరు పట్టుకుంటే చురుక్కుమంది. మళ్లీ మేస్త్రి దగ్గరికే వెళ్లారు. ఈసారి ఆయన పళ్లు లెక్కపెట్టమన్నాడు. మోటారు వైపు చక్రానికి 11 పళ్లు, ఇరుసు చక్రానికి 33. అంటే మోటారు మూడు చుట్లు తిరిగితే ఇరుసు ఒక చుట్టు.

మోటారు నిమిషానికి 3000 చుట్లు తిరిగేది. మూడో వంతు అంటే ఇరుసుకు 1000 చుట్లు. వెనక చక్రం అడ్డుకొలత 11 అంగుళాలు, అంటే 28 సెంటీమీటర్లు. ఒక్క చుట్టుకు 88 సెంటీమీటర్లు దొర్లుతుంది. నిమిషానికి 880 మీటర్లు, గంటకు దాదాపు 53 కిలోమీటర్లు. వెయ్యి వాట్ల మోటారు ఇంత బరువును ఆ వేగానికి తీసుకుపోలేదు. పోలేక, పోవాలని చూస్తూ వేడెక్కుతుంది. ఇరుసుకు 55 పళ్ల చక్రం వేస్తే అయిదు చుట్లకు ఒక చుట్టు. వేగం గంటకు 31 కిలోమీటర్ల చిల్లరకు దిగుతుంది. లాగుడు మాత్రం మునుపటికి ఒకటిన్నర రెట్లు పైనే పెరుగుతుంది. నాగలికి ట్రాక్టరును చిన్న గేరులో వేసేది ఇందుకే కదా అని మేస్త్రి తేల్చేశాడు.

అయితే ఇక్కడే మరో మెలిక పడింది. మోటారు సైకిలు చైనుకు సరిపోయే 55 పళ్ల చక్రం తెచ్చి పెట్టి చూస్తే అడ్డుకొలత 22 సెంటీమీటర్లు వచ్చింది. బండి చక్రమే 28. చైను మందం పోగా నేలకూ చైనుకూ మధ్య రెండు వేళ్ల ఎడం కూడా మిగలలేదు. చిన్న రాయి తగిలినా చైను తెగుతుంది. సైకిలు చైనుకూ ఇదే చిక్కు, రెంటికీ లింకు కొలత అర అంగుళమే. చివరకు మూడెనిమిదోవంతు అంగుళం లింకుతో వచ్చే 35 నంబరు చైను వెతికి తెచ్చారు. అందులో 55 పళ్ల చక్రం 17 సెంటీమీటర్లలోపే సరిపోయింది. నేలకు అయిదు సెంటీమీటర్ల ఎడం దక్కింది. ఈ చిన్న లెక్క ముందే వేసుకుని ఉంటే 22 సెంటీమీటర్ల చక్రానికి పెట్టిన డబ్బు, ఒకరోజు బస్సు ఛార్జీలు మిగిలేవి. దుకాణదారు ఆ చక్రాన్ని వెనక్కు తీసుకోలేదు.

బ్యాటరీయే బండికి గాదె

డబ్బులో సగం మింగేది బ్యాటరీ. తొందరపడితే ప్రాణం మీదికి తెచ్చేదీ అదే.

బ్యాటరీ ఆటోలకు వాడే సీసపు బ్యాటరీలు 12 వోల్టులు, 100 ఆంపియర్ గంటలవి నాలుగు కలిపితే 48 వోల్టులు వస్తాయి. కొనుబడి తక్కువ. కానీ ఒక్కొక్కటి పాతిక నుంచి ముప్ఫై కిలోలు. నాలుగూ క్వింటాలు దాటతాయి. అంటే తోలేవాడితోపాటు మరో ఒకటిన్నర మనిషిని ఎక్కించుకుని తిరిగినట్లు. పైగా సీసపు బ్యాటరీని ప్రతిసారీ అడుగంటా పీలిస్తే త్వరగా చస్తుంది. సగం వాడి మళ్లీ ఎక్కించుకోవడం మంచిది. ఆటోకు సరే, అంత బరువు గోకార్టుకు తగదు.

రెండోది లిథియం. అందులోనూ రకాలున్నాయి. ఒకటి నికెల్, మాంగనీసు, కోబాల్టు కలిసినది. బరువు తక్కువ, కానీ దెబ్బ తగిలినా అతిగా ఎక్కించినా మంటలంటుకునే గుణం ఎక్కువ. మరొకటి ఇనుము, ఫాస్ఫేటు కలిసినది. కాస్త బరువు ఎక్కువైనా వేడికి నిబ్బరంగా ఉంటుంది. మే నెలలో 45 డిగ్రీలు చూసే మన ప్రాంతానికి ఈ రెండోదే నయం. దీనిలో ఒక్కో గడి 3.2 వోల్టులు. 16 గడులు వరుసగా కలిపితే 51.2 వోల్టులు. 40 ఆంపియర్ గంటల పెట్టె అయితే 2048 వాట్ గంటలు. మన కరెంటు బిల్లు భాషలో రెండు యూనిట్లు. బరువు ఇరవై కిలోలు. అడుగున కాస్త వదిలేసి 1.6 యూనిట్లు వాడుకున్నా, సగటున 800 వాట్లు తాగే బండి రెండు గంటలు తిరుగుతుంది.

అయితే ఈ నలుగురూ మొదట కొత్త బ్యాటరీకి పోలేదు. డబ్బు చాలక, పాడైన చిన్న స్కూటరు ఒకదాని లిథియం పెట్టెను సెకండ్‌హ్యాండులో తెచ్చారు. వోల్టులు చూస్తే 48 ఉన్నాయి. బిగించారు. పెడలు నొక్కగానే బండి ముందుకు ఒక్క ఉదుటున దూకి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. మోటారు పోయిందనుకున్నారు. మోటారు నిక్షేపంగా ఉంది. ఆగిపోయింది బ్యాటరీ.

లిథియం పెట్టె లోపల బీఎమ్ఎస్ అనే కాపలా బోర్డు ఒకటి ఉంటుంది. ఏ గడి అతిగా నిండుతోంది, ఏది అడుగంటుతోంది, ఎన్ని ఆంపియర్లు బయటికి పోతున్నాయి అనేవి చూసుకుంటూ హద్దు దాటితే తలుపు మూసేస్తుంది. ఆ చిన్న స్కూటరు మోటారు 250 వాట్లదే కనుక దాని బోర్డు 20 ఆంపియర్ల దగ్గర మూసేసేలా ఉంది. వీరి కంట్రోలరు బయలుదేరేటప్పుడు 38 ఆంపియర్లు లాగుతుంది. వోల్టులు కలిశాయి గానీ ఆంపియర్లు కలవలేదు. బ్యాటరీ కొనేటప్పుడు ఎన్ని వోల్టులు, ఎంత దూరం అని అందరూ అడుగుతారు. ఒక్కసారిగా ఎన్ని ఆంపియర్లు ఇస్తుందని అడిగేవారు తక్కువ.

అప్పుడు ఒకరిచ్చిన సలహా వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఆ బోర్డు పీకేసి తీగలు నేరుగా కలిపేయమన్నారట. బండి నడుస్తుంది కూడా. కాకపోతే కాపలాదారును తరిమేసి గాదెకు నిప్పు దగ్గర పెట్టినట్లు. 2022 ఏప్రిల్‌లో కరెంటు స్కూటరు బ్యాటరీలు ఇళ్లలో పేలి విజయవాడలో ఒకరు, నిజామాబాదులో ఒకరు ప్రాణాలు కోల్పోయారు. అవి కంపెనీలు చేసి అమ్మిన బ్యాటరీలే. ఆ ఏడాదే కేంద్ర ప్రభుత్వం ఏఐఎస్ 156 అనే బ్యాటరీ ప్రమాణాలను కట్టుదిట్టం చేసింది. ఊళ్లో కూర్చుని బోర్డు పీకి కలిపిన పెట్టెను ఎవరు పరీక్షిస్తారు? విజయవాడ పనివాడు కూడా ససేమిరా అన్నాడు. ఆ పాత పెట్టెను వచ్చిన ధరకు అమ్మేశారు. తలా మరో అయిదు వేలు వేసుకుని, 60 ఆంపియర్ల బోర్డు ఉన్న కొత్త ఇనుము ఫాస్ఫేటు పెట్టెను బిల్లుతో సహా కొన్నారు. కౌలు రైతు ఈసారి అప్పు చేశాడు. ఆయన కొడుకు సెలవుల్లో చెరువు పనికి పోయి తీర్చాడు.

చార్జరు కూడా దాని జతదే ఉండాలి. ఈ పెట్టె 58.4 వోల్టుల దగ్గర నిండుతుంది. సీసపు బ్యాటరీల చార్జరులో కొన్ని అంతకు మించి నెట్టే రకాలున్నాయి. ఇంట్లో ఉంది కదా అని తగిలించరాదు. నిద్రపోయే గదిలో, గడపకు అడ్డంగా పెట్టి చార్జి చేయరాదు. వీరు వెల్డింగ్ షాపు వరండాలో, పగటిపూట, మనిషి ఉండగానే చేస్తున్నారు.

తీగ, ఫ్యూజు, మీట

ఇంటి వైరింగుకు వాడే తీగ ముక్కలు మిగిలాయని వాటితోనే బ్యాటరీని కలిపారు. పది నిమిషాలకు తొడుగు మెత్తబడింది. ఆ పని 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగది. తీగ చివర వంచి నట్టు కింద నొక్కేయడం కాకుండా లగ్గు వేసి గట్టిగా నొక్కించాలి. వదులు కీలు దగ్గరే వేడి పుడుతుంది. ఫ్యూజు బ్యాటరీకి ఆనుకునే ఉండాలి. తీగకు మరో చివర ఉంటే మధ్యలో తీగ ఒరుసుకుని షార్టయినప్పుడు అది కాపాడదు.

మీట విషయంలో చాలామందికి తెలియనిది ఒకటుంది. ఇంటి మెయిన్‌కు వాడే ఎంసీబీ ఇక్కడ నమ్మదగింది కాదు. ఇంటి కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వచ్చి పోతుంది. ఆ సందులో నిప్పురవ్వ ఆరిపోతుంది. బ్యాటరీ కరెంటు ఎడతెగకుండా పారేది. మీట తీసినా మధ్యలో మంట నిలిచిపోవచ్చు. డీసీకని రాసి ఉన్నదే కొనాలి. తోలేవాడి చేతికి, బయట నిలబడ్డవాడి చేతికి అందేలా రెండు ఎర్ర మీటలు వీరు పెట్టుకున్నారు.

చట్రానికి నీళ్ల గొట్టాలు తెస్తే మేస్త్రి వద్దన్నాడు. జింకు పూత మీద వెల్డింగు చేస్తే వచ్చే తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. ఆ అనుభవం ఆయనకు ఉంది. పూత లేని మామూలు ఇనుప గొట్టమే వాడారు. స్టీరింగు కడ్డీలకు నట్టు ఊడిపోకుండా పిన్నులు వేశారు.

బ్రేకును మాత్రం పాత సామాను కుప్పలోంచి ఏరలేదు. మోటారు సైకిలు డిస్కు బ్రేకు కొత్తది కొని ఇరుసుకు బిగించారు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు ఉన్నందున ఒక్క డిస్కు రెంటినీ పడుతుంది. వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. కనుక పళ్ల చక్రం మార్చి వేగం పెంచాలనుకున్నప్పుడల్లా ముందు బ్రేకు చూసుకోవాలి. బ్రేకు తొక్కగానే మోటారుకు కరెంటు ఆగిపోయే మీట కంట్రోలరులోనే వస్తుంది. రెండు తీగలు కలపడమే పని. బద్ధకించి చాలామంది వదిలేస్తారు.

ఇక ఇరుసు మీద, చైను మీద రేకు మూత. ఇది అలంకారం కాదు. 2020 అక్టోబరులో హైదరాబాదు శివార్లలో గోకార్ట్ నడుపుతున్న ఇంజనీరింగు విద్యార్థిని జుట్టు చక్రంలో చుట్టుకుని ఆ అమ్మాయి ప్రాణమే పోయింది. తలపాగా చెంగైనా, చున్నీ అయినా, లుంగీ అంచైనా తిరిగే ఇరుసుకు ఒకటే. రేకు మూతకు అయ్యేది మేస్త్రి దగ్గర ఒక పూట పని. ఈ వార్త పేపర్లో చదివిన మేస్త్రి తానే కొలతలు తీసుకుని మూత చేసి ఇచ్చాడు. దానికి కూలి తీసుకోలేదు.

మళ్లీ కాటా, మళ్లీ కళ్లం

సామాను అంతా బిగించాక బండిని మళ్లీ కాటా ఎక్కించారు. చట్రం 34, ఇరుసూ చక్రాలు 24, మోటారు కంట్రోలరు 9, బ్యాటరీ 20, సీటు, స్టీరింగు, బ్రేకు కలిసి 9. మొత్తం 96 కిలోలు. తోలేవాడితో 164. మొదటిసారి కంటే 21 కిలోలు తగ్గింది. మోటారు బలం దాదాపు మూడింతలైంది.

ఇలాంటి బండిని రోడ్డెక్కించడానికి వీల్లేదు. 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగంతో నడిచే చిన్న బ్యాటరీ స్కూటర్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కదా, మాకూ అంతే అని కొందరు విద్యార్థులు అనుకుంటున్నారు. ఆ మినహాయింపు సొంతంగా కట్టిన వెయ్యి వాట్ల నాలుగు చక్రాల బండికి వర్తించదు. కళాశాల మైదానమో, సొంత స్థలమో, పోటీ జరిగే ట్రాకో చూసుకోవలసిందే. హెల్మెట్టు అక్కడా తప్పదు.

ఏప్రిల్ మొదటి వారంలో అదే కళ్లం మీద బండి తిరిగింది. కుర్రాళ్లు నలుగురూ వంతులు వేసుకుని తోలారు. సంక్రాంతికి మేత వేయమన్న పెద్దాయన కూడా వచ్చి, ఎంతసేపు తిరుగుతుందో చూద్దామని చుట్ట వెలిగించుకుని గట్టు మీద కూర్చున్నాడు. రెండు చుట్టలు అయిపోయినా బండి ఆగకపోయేసరికి లేచి ఇంటికి వెళ్లిపోయాడు. కౌలు రైతును ఎక్కమంటే ఎక్కలేదు. ఫ్యూజు ఎక్కడ పెట్టారో చూపించమని అడిగి, చూసి వెళ్లాడు.

మొదట కొన్న 350 వాట్ల మోటారు పాడవలేదు. ఆ పాత ట్రాక్టరు బ్యాటరీలతోనే దాన్ని ఒక ఫ్యానుకు బిగించారు. ఆ వేసవిలో కౌలు రైతు మినుములు తూర్పార పట్టుకున్నది దానితోనే.